కరెంటు రాని పొలంలో ఒక గది, నా తప్పుల పేజీ

(పొలంలో చిన్న గది కట్టుకోవాలనుకునేవాళ్ళు కదిరిలో ఒక ఆదివారం సాయంత్రం కలిసినప్పుడు ఒక రిటైర్డ్ లైన్‌మన్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు ఈ పుస్తకం చూడండి. వెనకవాళ్ళకి కనిపిస్తోందా? పిల్లలు రాసుకునే లాంగ్ నోట్‌బుక్కే. గది కట్టిన ఖర్చంతా దీంట్లో రాసిపెట్టా. ఇసుక ఇంత, సిమెంటు ఇంత, కూలోళ్ళకి టీలు ఇంత. ఆఖరి పేజీకి మాత్రం వేరే పేరు పెట్టా. తప్పులు. ఆ పేజీలో మొత్తం 26,000 రూపాయలుంది. ఈ రోజు ముఖ్యంగా ఆ పేజీ చదివి వినిపిస్తా, ఎందుకంటే మిగతాది మీ ఊరి మేస్త్రీ కూడా చెప్తాడు, తప్పులు మాత్రం చేసినవాడే చెప్పాలి.

నా గురించి రెండు ముక్కలు. 31 ఏళ్ళు లైన్‌మన్ ఉద్యోగం చేశా. గాలివానొచ్చి కరెంటు పోతే అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని స్తంభాలెక్కినవాణ్ణి. అంతమందికి లైట్లు వెలిగించినవాణ్ణి, రిటైరయ్యాక నా రెండెకరాలకి కరెంటు తెచ్చుకోలేకపోయా. నవ్వకండి, నిజం. దగ్గర్లో ఉన్న స్తంభానికీ నా పొలానికీ మధ్య 700 మీటర్లు, దారిలో వేరేవాళ్ళ చేన్లు. స్తంభాలకీ తీగకీ అయ్యే లెక్క కాగితం మీద వేసుకుంటే, అది చూసి మా ఇంటామె ‘ఆ డబ్బుకి ఇల్లే లేస్తుంది కదా’ అంది. అంతే. కరెంటు వదిలేసి ఇల్లు లేపాం.

పొలం ఇక్కడికి పదిహేను కిలోమీటర్లు. ఎర్రనేల. ఒక పక్క గుట్ట, ఒక పక్క వంక, అంటే చిన్న వాగు. మా ముత్తాతల కాలం నుంచి సేద్యం చేస్తూ ఏరి పారేసిన రాళ్ళు గట్టు మీద గోడలాగా పడున్నాయి. ఆ రాళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

గది లోపల కొలత 12 అడుగులు, 20 అడుగులు. 240 చదరపు అడుగులు, ముందర ఒక వసారా. చిన్నదంటారా? ప్రభుత్వం ఊళ్ళలో కట్టించే ఆవాస్ యోజన ఇంటికి కనీసం 25 చదరపు మీటర్లుండాలని రూలు, అంటే 270 అడుగులు. దానికంటే కాస్త తక్కువ. ఇద్దరం మనుషులం, నాలుగు గిన్నెలు, రెండు మంచాలు. పెద్ద మనవడొస్తే వసారాలో పడుకుంటాడు. ‘పొలంలో ఇల్లు’ అనుకోగానే మనకి ఒక హాలు, రెండు బెడ్‌రూములు, పూజగది కళ్ళ ముందుకొస్తాయి. వాటిని తోలేయండి ముందు. గోడకి గోడ పెరిగినకొద్దీ డబ్బు అయ్యేది తర్వాత, ఊడ్చుకునేదెవరు?

సరే, తప్పుల పేజీ. మొదటి లైను. ‘చోటు. 8,000.’

వంక పక్కన పెద్ద చింతచెట్టుంది. మంచి నీడ. ఎండాకాలంలో పోయి నిలబడితే ఇక్కడే ఇల్లు, ఇక్కడే మంచం, ఇక్కడే చావు అనిపిస్తుంది. మా మేస్త్రీ పాత మనిషి, డెబ్బై దాటాడు, మామా అని పిలుస్తా, చూసి ‘అల్లుడూ, ఇది నీళ్ళ దావరా’ అన్నాడు. విన్నానా? మే నెలలో పునాది తీయించా. నెలాఖరుకి ఒక్కటే వాన, ఒక్కటంటే ఒక్కటే. పొద్దున పోయి చూస్తే పునాదిలో కప్పలు ఈదుతున్నాయి. రెండ్రోజులైనా నీళ్ళింకలా. మళ్ళీ పూడ్పించి, నలభై అడుగులు పైకి, గుట్ట వాలు మొదలయ్యే చోటుకి పోయాం. తవ్వినందుకు కూలి, పూడ్చినందుకు కూలి. కాబట్టి ఎండాకాలంలో చోటు చూడొద్దు. వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని పొలమంతా తిరగండి. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి. ఆ ఒక్క గంటకి ఎనిమిది వేలు మిగుల్తాయి.

ఇంకో మాట. నాది ఎర్రనేల కాబట్టి రెండడుగులకే గట్టి మొరం తగిలింది. మీలో నంద్యాల వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారా? చెయ్యెత్తండి. ఆ, ఇద్దరు. అన్నా, మీది నల్లరేగడి. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత బీటలిస్తుంది. దాని మీద పైపైన పునాది వేస్తే నేలతో పాటు గోడ కూడా ఊపిరి పీలుస్తుంది, నిలువునా చీలుతుంది. గట్టినేల తగిలేదాకా దిగాల్సిందే, దిగలేనంత లోతుంటే ఇంజినీరుకి చూపించండి. నా లెక్క చూసి మీరు కట్టొద్దు.

ఇప్పుడు రాళ్ళు. లారీ బేకర్ అని ఒకాయన. ఇంగ్లాండులో పుట్టి, కేరళలో స్థిరపడి, జీవితమంతా మామూలు మనుషులకి తక్కువ ఖర్చులో ఇళ్ళు కట్టినవాడు. 2007లో పోయాడు. గాంధీగారు ఆయనతో అన్నారట, మంచి ఊళ్ళో మంచి ఇల్లంటే అయిదు మైళ్ళ లోపల దొరికే వస్తువులతో కట్టింది అని. నేను ఈ మాట చాలా తర్వాత తెలుసుకున్నా. మా మేస్త్రీ మామ బేకర్ పేరు కూడా విని ఉండడు, కానీ మొదటిరోజే గట్టు మీది రాళ్ళు చూపించి ‘గోడ ఇక్కడుంది, నువ్వు ఇటుకల కోసం యాడికి పోతావు’ అన్నాడు. అంతే కదా? ముత్తాతలు మోసి పెట్టిన రాయి. ట్రాక్టరు బాడుగ తప్ప ఖర్చు లేదు.

మీకు రాళ్ళు లేకపోవచ్చు. మట్టి ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు చూశారా? మట్టిగోడ, పైన తాటాకు, గుండ్రంగా ఉంటుంది ఇల్లు. ఎందుకు గుండ్రంగా? తుఫాను గాలికి మూల దొరకదు పట్టుకోడానికి, చుట్టూ తిరిగి జారిపోతుంది. మన సీమలో తుఫాను తక్కువ, ఎండ ఎక్కువ. అందుకే మనకి మందం గోడలు, పైన చౌడు మట్టి కప్పిన మిద్దెలు. ఎక్కడి జనం అక్కడి గాలినీ ఎండనీ చూసి కట్టుకున్నారు. యూట్యూబులో ఎవరో చలిదేశం మనిషి చెక్కలతో కట్టిన ఇల్లు చూసి నా దగ్గరికొచ్చి ‘ఇలాంటిది కట్టించు తాతా’ అన్నాడొక కుర్రాడు. నాయనా, చెక్క కొనాలంటే ఆస్తి కావాలి, పెట్టినాక చెదలు నీకంటే ముందు గృహప్రవేశం చేస్తాయి.

మట్టి మంచిదా కాదా తెలుసుకోడానికి చిన్న పరీక్ష. గాజు సీసాలో మూడోవంతు మట్టి, నిండా నీళ్ళు, చిటికెడు ఉప్పు, బాగా గిలకొట్టి పెట్టేయండి. ముందు ఇసుక దిగుతుంది, దాని పైన ఒండ్రు, అన్నిటికంటే పైన బంకమట్టి. మరుసటిరోజు పొరలు వేళ్ళతో కొలుచుకోవచ్చు. బంక మరీ ఎక్కువైతే గోడ ఎండేటప్పుడు పగులుతుంది, మరీ తక్కువైతే పిడికిట్లో నిలవదు. ఎక్కువైతే ఇసుక కలుపు, గడ్డి కలిపి అడుసు తొక్కు. నేను గోడలో రాళ్ళ మధ్య వేసింది ఈ ఎర్రమట్టి అడుసే, సిమెంటు కాదు.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, ఇది నవ్వులాట కాదు. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున మహారాష్ట్రలో లాతూరు, కిల్లారి దగ్గర భూకంపం వచ్చింది. సుమారు పదివేల మంది పోయారు. ఎలా పోయారు? మందంగా రాతిగోడలు, మధ్యలో మట్టి, పైన బరువైన మట్టి కప్పు. అచ్చం నా ఇల్లే. రాతిగోడ అంటే బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో ముక్కలూ మట్టీ. కుదుపొస్తే రెండు వరసలూ విడిపోయి చెరోవైపు పడిపోతాయి, కప్పు నెత్తి మీదికొస్తుంది. అందుకని ప్రతి మూడు నాలుగు అడుగులకీ గోడ ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పోయే పొడుగురాయి పెట్టించాలి. మేస్త్రీలు కట్టురాయి అంటారు. మూలల్లో పొడుగురాళ్ళు ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి పెట్టాలి. తలుపుల పైన, కిటికీల పైన నాలుగు గోడలూ కలుపుతూ కడ్డీలేసి కాంక్రీటు బెల్టు పోయాలి. మన ప్రాంతానికి భూకంపాల భయం తక్కువే. తక్కువే అని నేను బెల్టు మానలేదు. నా సిమెంటులో ఎక్కువ భాగం పోయింది ఆ బెల్టుకే. అక్కడ పిసినారితనం పనికిరాదు.

తప్పుల పేజీ, రెండో లైను. ‘ప్లాస్టరింగు. 4,000.’ గోడ లేచింది, బాగుంది, కానీ చుట్టాలొచ్చి ‘ఏంది అన్నా, గొడ్ల కొట్టంలాగుంది’ అన్నారు. రోషం వచ్చింది. పడమటి గోడకి బయట సిమెంటు ప్లాస్టరింగు చేయించా. ఒక వానాకాలం గడిచిందో లేదో పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మట్టి అడుసుతో కట్టిన గోడ తేమ పీలుస్తుంది, మళ్ళీ వదులుతుంది. మీద సిమెంటు వేస్తే లోపలి తేమకి దారి మూసేసినట్టు, అది తోసుకుంటూ బయటికి వస్తుంది. ఇప్పుడు రాళ్ళ సందుల్లో సున్నం కలిపిన ఇసుక దట్టించాం, అంతే. గొడ్ల కొట్టంలాగే ఉంది. చల్లగా ఉంది.

కప్పు దగ్గర మాత్రం నేనూ మామా పదిరోజులు పోట్లాడుకున్నాం. మంగుళూరు పెంకులు వేద్దామని నా ఆశ, పాతవి చౌకగా దొరుకుతాయి. మామ ఒకే ప్రశ్న అడిగాడు. ‘కోతులకి నువ్వు చెప్తావా, నేను చెప్పాలా?’ నిజమే, గుట్ట నిండా కోతులు. ఒక్కో పెంకూ తీసి చూసి కింద పడేస్తాయి. సిమెంటు రేకులు నాకిష్టం లేదు, ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, పైగా ఏప్రిల్లో రేకు కింద పడుకున్నవాడికి నరకం వేరే చూపించక్కర్లేదు. మామకేమో చౌడు మిద్దె మీద మనసు. మీలో పెద్దవాళ్ళకి తెలుసు, దూలాలు, వాటి మీద దంతెలు, కంప, మట్టి, పైన చౌడు. ఏడాదికోసారి వానలకి ముందు కొత్త చౌడు పొయ్యాలి. చిన్నప్పుడు మా అవ్వ మిద్దె మీద గవాచిలోంచి ఎండ పడితే ఆ వెలుగులో దుమ్ము ఎగరడం చూస్తూ పడుకునేవాణ్ణి. కానీ దూలాలకి మంచి కొయ్య ఎక్కడుంది ఇప్పుడు? 

ఆఖరికి రాజీపడ్డాం. పాత ఇనుము కొట్లో నాలుగు గర్డర్లు కొన్నా, కేజీ లెక్కన. తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూసి నాలుగేసి అడుగులకి ఒకటి పెట్టాం. వాటి మీద తాడిపత్రి నాపబండలు. బండల మీద ఇటుక ముక్కల జల్లీ సున్నమూ, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి నాలుగంగుళాలు పరిచి, ఆడవాళ్ళు కూర్చుని కొయ్య పలకలతో కొట్టారు. ఎన్ని రోజులు? వారం. పాటలు పాడుకుంటూ కొట్టారు, వాళ్ళు పాడితేనే దెబ్బ ఒకేలా పడుతుందని మామ చెప్పాడు. పైన తెల్లసున్నం. తెలుపు ఎండని వెనక్కి కొట్టేస్తుంది, బయట 41, 42 ఉన్న మధ్యాహ్నం కూడా లోపల ఫ్యాను తిరిగితే కునుకు పడుతుంది. మధ్యలో ఒక చోట బండకి బదులు మందం గాజు పెట్టించా, అదే నా గవాచి. పగలు లైటు వెయ్యం. గర్డరు సైజు మాత్రం నా మాట మీద కొనకండి. మీ గది వెడల్పు వేరు, మీ బరువు వేరు, తెలిసినవాళ్ళ చేత లెక్క వేయించండి. అయిదొందలు తీసుకుంటాడు, ఇవ్వండి.

మూడో లైను. ‘రేకులు ఎగిరిపోయినాయి. 6,500.’ వసారాకి జింకు రేకులు వేశా, చౌకని. మామూలు మేకులు కొట్టి వదిలేశా. మే నెల గాలివానకి మూడు రేకులు పక్క చేన్లో, ఒకటి వేపచెట్టు మీద. ఎవరి మెడకీ తగల్లేదు, దేవుడి దయ. రేకుని గాలి పైనుంచి నొక్కదు, కిందనుంచి ఎత్తుతుంది. వసారా అంటే ముందర తెరిచిన నోరు, గాలి దూరి పైకి లేపుతుంది. కొక్కేల బోల్టులు వేసి దూలానికి కట్టేయాలి, దూలాన్ని గుంజకి కట్టేయాలి, గుంజని నేలలో పాతాలి. ఏ ఒక్కటి వదులైనా మిగతా రెండూ దండగ. ఇప్పుడు వసారాకి బోద గడ్డి కప్పు. మూడేళ్ళకోసారి మార్చాలి. దాని కింద పొయ్యి పెట్టకూడదు, పెట్టం.

ఇక నా శాఖ. కరెంటు, అదీ సోలారు. ఇక్కడ తప్పు చేసినందుకు నాకు ఇప్పటికీ సిగ్గు. ‘కారు బ్యాటరీ, 7,500.’ 31 ఏళ్ళు లైన్‌మన్‌ని! తెలిసినవాడొకడు ఇస్తానంటే చౌకని రెండు కారు బ్యాటరీలు తెచ్చా. ఏడాది తిరక్కముందే చచ్చాయి. కారు బ్యాటరీ పని ఏంటి? బండి స్టార్టు చేసేటప్పుడు రెండు క్షణాలు గట్టిగా కరెంటిచ్చి ఊరుకోవడం. రాత్రంతా నెమ్మదిగా ఇచ్చే పనికి అది పుట్టలేదు. సోలారుకి ట్యూబులర్ బ్యాటరీ కావాలి, లేదా డబ్బుంటే లిథియం.

లెక్క చెప్తా, రాసుకోండి. ముందు ప్యానెలు కొనొద్దు. ముందు మీకేం కావాలో రాయండి. నాది ఇదీ. బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటు లాగే రకం, 30 వాట్లు, రోజుకి పది గంటలు, 300. పాత ఫ్యానైతే 75 వాట్లు లాగుతుంది, అంటే 750. ఒక్క ఫ్యాను మార్చినందుకే సగం ప్యానెలు మిగిలింది! తొమ్మిది వాట్ల బల్బులు మూడు, అయిదు గంటలు, 135. ఫోన్లూ రేడియో కలిపి 40. మొత్తం 475 వాట్ అవర్లు. వెయ్యి అయితే ఒక యూనిట్టు, అంటే రోజుకి అర యూనిట్టు కూడా కాదు. ఊళ్ళో మీ బిల్లు చూసుకోండి, నెలకి ఎన్ని యూనిట్లుందో. మన వైపు ఎండకి ఒక కిలోవాటు ప్యానెళ్ళు రోజుకి సుమారు నాలుగు యూనిట్లిస్తాయి. నా 335 వాట్ల ప్యానెలు ఒక్కటి, నష్టాలన్నీ పోగా, ఒక యూనిట్టు ఇస్తుంది. పన్నెండు వోల్టుల 150 ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్ల, బ్యాటరీలో 1.8 యూనిట్లు పడుతుంది, కానీ సగానికంటే కిందికి దింపకూడదు, దింపితే ఆయుష్షు తగ్గుతుంది. ఆ సగంతో మబ్బు పట్టినా దాదాపు రెండ్రోజులు గడుస్తుంది. ఫ్రిజ్జా? కుండుంది. మిక్సీ? రోలుంది. అది రుబ్బేది నేనే లెండి, మా ఇంటామె చూస్తూ ఉంటుంది, అమ్మలు అట్లా చూడొద్దు.

ప్యానెలు మొహం దక్షిణానికి పెట్టాలి. వాలు మన అక్షాంశమంత, కదిరి దగ్గర 14 డిగ్రీలు, కాస్త అటూ ఇటూ అయినా కొంప మునగదు. చెట్టు నీడ మాత్రం ఒక మూల పడ్డా కరెంటు బాగా పడిపోతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఉత్తి నీళ్ళతో తుడవండి, వారానికోసారి. ఇంకో ప్రాణం మీది మాట. ‘పన్నెండు వోల్టులే కదా, షాకు కొట్టదు’ అని సన్నవైరు లాగుతారు. షాకు కొట్టదు, నిజమే. కానీ తక్కువ వోల్టేజీ అంటే ఎక్కువ ఆంపియర్లు. సన్నవైరు వేడెక్కుతుంది, దూరం పోయేసరికి బల్బు మిణుకుమంటుంది. లావు వైరు వెయ్యండి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టండి. ఎర్తు కూడా పెట్టాలి, గుట్ట పక్కన పిడుగులుంటాయి. గుంతలో బొగ్గు, ఉప్పు, రాడ్డు. ఇది మాత్రం నేను కళ్ళు మూసుకుని చేస్తా.

ఏం నాయనా, ఆ ఫోను నీదేనా? మాట్లాడి రా, పర్లేదు.

నీళ్ళు. మన అనంతపురం వైపు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. తక్కువే. కానీ చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. నా మిద్దె గోడలతో కలిపి 30 చదరపు మీటర్లు. ముప్పైని అయిదొందల యాభైతో హెచ్చవేసి, అయిదోవంతు ఆవిరికీ కారుడికీ వదిలేయండి. 13 వేల లీటర్లు! ఆకాశం ఊరికే ఇస్తోంది. నాకున్నవి రెండువేల లీటర్ల తొట్లు రెండు. అవి నిండాక మిగతాది ఇంకుడుగుంతలోకి పోతుంది. తొట్టికి మూత బిగుతుగా ఉండాలి, గాలిగొట్టానికి దోమతెర కట్టాలి, నీళ్ళ మీద వెలుగు పడకూడదు, పడితే పాచి. మొదటి వానని తొట్టిలోకి రానీయకూడదు, మిద్దె మీద పిట్టల రెట్టా దుమ్మూ అన్నీ దాంట్లోనే ఉంటాయి. పైపుకి పక్కగా ఒక నిలువు గొట్టం పెట్టి, మొదటి అరవై లీటర్లు దాంట్లో నింపేసి, ఆ తర్వాతే తొట్టికి పోయేటట్టు చేశా. తాగేది కాచి తాగుతాం. ఎండాకాలం ఆఖర్లో చాలదు, అబద్ధమెందుకు, మా పెదనాయన కొడుకు బావి నుంచి బిందెలతో తెచ్చుకుంటాం.

మరుగుదొడ్డి. ఇల్లు కట్టాలని నేననుకున్నప్పుడు మా ఇంటామె ఒక్కటే అడిగింది. రాత్రి బయటికి పోవాలంటే ఎన్ని అడుగులు నడవాలి? నేను దూరంగా, మూలకి వేద్దామనుకున్నా. మగవాడి ఆలోచన. ఆమె ప్రశ్న విన్నాక వసారా చివర్నే కట్టాం, తలుపు నుంచి పన్నెండు అడుగులు, పైన లైటు. రెండు గుంతల పద్ధతి. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు, గోడలో రంధ్రాలొదిలి కట్టాలి, అడుగున సిమెంటు వెయ్యకూడదు. ఒక గుంత నిండితే పైపు రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని రెండేళ్ళు మూసేస్తే అది నల్లటి మట్టి అయిపోతుంది, వాసన ఉండదు. ఆ మొహాలు అట్లా పెట్టకండి. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ అనే ఆయన తనే గుంతలోకి దిగి ఎరువు తోడారు. ఢిల్లీ అధికారి దిగగా లేనిది మనకేం. బావికి మాత్రం పది మీటర్ల కంటే దగ్గరగా ఈ గుంతలు తవ్వొద్దు.

పాముల గురించి అడుగుతారని తెలుసు. రాతిగోడ అంటేనే పాములకి అద్దె గదులు. అందుకే సందులన్నీ సున్నంతో మూసేశాం. ఇంటికి ఆనుకుని కట్టెల కుప్ప, రాళ్ళ కుప్ప పెట్టం, ఎలకలొస్తాయి, ఎలకల వెనక అవి వస్తాయి. కట్లపాము రాత్రిళ్ళు నేల మీద పడుకున్నవాళ్ళ దగ్గరికి వస్తుంది, కాటు పడ్డట్టు కూడా తెలియదు ఒక్కోసారి. మంచం మీద పడుకోండి, దోమతెర పరుపు కిందికి దోపండి. కాటేస్తే గాటు పెట్టడాలు, నోటితో పీల్చడాలు, మంత్రాలు వద్దు. 108కి ఫోను చేసి, కాలో చెయ్యో కదలనీయకుండా ఆసుపత్రికి. మందు అక్కడే ఉంటుంది. ఫోను సిగ్నలు పొలంలో ఎక్కడ దొరుకుతుందో ముందే చూసి పెట్టుకోండి. మాకు మిద్దె మీదే దొరుకుతుంది.

కాగితాల సంగతి గబగబా. నాది తాతల ఆస్తి, తలనొప్పి లేదు. కొనుక్కునేవాళ్ళు పాస్‌బుక్కు, సాగు ఎవరిదో చెప్పే అడంగల్, అప్పులూ అమ్మకాలూ చూపించే ఈసీ చూసుకోండి. ముఖ్యంగా అది అసైన్డ్ భూమా కాదా అడగండి. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమిని అమ్మకూడదని 1977లోనే చట్టం చేశారు, తర్వాత కొన్ని సడలింపులొచ్చాయి, చౌకగా వస్తోందంటే కారణం అదే కావచ్చు. పంట భూమిలో సామాన్లు పెట్టుకునే గది వేరు, కాపురం ఉండే ఇల్లు వేరు. రూల్సు మారుతుంటాయి కాబట్టి పునాదికి ముందే పంచాయతీ కార్యదర్శిని కలవండి.

ఇప్పుడు మొత్తం లెక్క. నేను కట్టింది 2022లో, ఇప్పుడు రేట్లు పెరిగుంటాయి. గర్డర్లు 10,500. కప్పుకీ నేలకీ బండలు 19,000. సిమెంటు, కడ్డీలు, సున్నం, ఇసుక 24,000. తలుపులూ కిటికీలూ, పాతిళ్ళు పడగొట్టేచోట కొన్నవి, 11,000. కూలి 82,000. ట్రాక్టరు 9,000. మరుగుదొడ్డి 21,000. తొట్లు, పైపులు 17,500. సోలారు 44,000. మొత్తం 2,38,000. తప్పుల పేజీ 26,000 కలిపితే 2,64,000. చూశారా, అన్నిటికంటే పెద్దది కూలి. రాయి ఊరికే వచ్చింది, పేర్చేది ఊరికే రాదు. మేమిద్దరం కూడా రాళ్ళు మోశాం, ఆ కూలి దీంట్లో లేదు. అందుకని ఎవరైనా ‘యాభై వేలకే ఇల్లు’ అంటే, ఎవరి నడుము మీద కట్టారో అడగండి.

ఆ అమ్మ ఏదో అడుగుతోంది. గట్టిగా చెప్పమ్మా. ఎన్నేళ్ళు నిలుస్తుందనా? మంచి ప్రశ్న. ఏటా చెయ్యి పెడితే నా మనవడి దాకా నిలుస్తుంది. పెట్టకపోతే అయిదేళ్ళకి కారుతుంది. కాంక్రీటు ఇల్లు కట్టినవాడు ముందే డబ్బు కట్టి మర్చిపోతాడు. మనం ప్రతి ఏడూ కొంచెం కొంచెం కడతాం, డబ్బుతో కాదు, ఒంటితో. వానలకి ముందు మిద్దె పగుళ్ళు చూసి సున్నం నింపాలి. వానలయ్యాక గోడ అడుగున మట్టి కొట్టుకుపోయిందేమో చూడాలి. బ్యాటరీలో నీళ్ళు మూణ్ణెల్లకోసారి, అదీ డిస్టిల్డ్ వాటరే, బోరు నీళ్ళు పోయొద్దు, మా బావమరిది పోశాడు. గర్డర్లకి రెండేళ్ళకోసారి పెయింటు. ఇది చెయ్యలేను, నెలకోసారి కారులో వచ్చి పోతానంటే ఇలాంటి ఇల్లు కట్టొద్దమ్మా, నిజంగా చెప్తున్నా. ఎవరూ ఉండని ఇంట్లో తేళ్ళూ చెదలూ ఉంటాయి.

చూడాలనుకుంటే రండి, చెప్పి రండి. కానీ చలికాలంలో వచ్చి ‘అబ్బ ఎంత బాగుందో’ అని ఫోటోలు దిగి పోవద్దు. మే ఆఖరి వారంలో నేను నిచ్చెనేసుకుని మిద్దె ఎక్కుతా సున్నం కొట్టడానికి. అప్పుడు రండి. బ్రష్షులు నా దగ్గరున్నాయి, పాతబట్టలు మీరు తెచ్చుకోండి.